ఓ స్త్రీ రేపు రా: బొగ్గుగనుల నాట ఒక భయకథ, దాని పరిణామము

జానపద వాఙ్మయమన్నంతనే మనకు పాట స్ఫురించును. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు చేసిన కృషినుండి నేటివరకు గేయమునకు లభించిన ఆదరము, పట్టణములలో నోటినుండి నోటికి ప్రాకిన భయకథలకు లభింపలేదు. అమెరికా పండితుడు జాన్ హెరాల్డ్ బ్రన్వాండ్ 1981లో ప్రకటించిన గ్రంథముతో ఇట్టి కథలు పట్టణ ఐతిహ్యములన్న పేర ప్రసిద్ధికెక్కినవి. ‘మా ఎరుకలోనివారి ఎరుకలోనివారికి నిన్ననే జరిగినది’ అని చెప్పుట వీని లక్షణము. ఇట్టి కథలు జనులచేత ఏమి చేయించినవి అను ప్రశ్నను ముందిడుకొని, మంచిర్యాల ప్రాంతపు జీవితమును దృష్టియందుంచుకొని, మేమిచట కొంత విచారింపనెంచితిమి.

1990ల దశకమున తెలుగునాట ఇండ్ల తలుపులమీదను గోడలమీదను ‘ఓ స్త్రీ రేపు రా’ అను వ్రాత కానవచ్చెను. రాత్రివేళ ఒక స్త్రీపిశాచము వీథులవెంట తిరుగుచు, ఇంటివారికి పరిచితమైన గొంతుతో పిలుచుననియు, పలికి తలుపు తీసినవారు బ్రదుకరనియు కథ. తలుపుమీది వ్రాతను చదువుకొని పిశాచము మరలిపోవును. మరునాడు వచ్చి, మరల చదువుకొని, మరల పోవును. కన్నడదేశమున ఇదే కథ ‘నాళె బా’ అను వ్రాతతో వ్యాపించెను. 2018లో వెలువడిన ‘స్త్రీ’ అను హిందీ చలనచిత్రమునకును ఇట్టి కథయే ఆధారము.

ఈ చిన్న వాక్యమున రెండు భాషాస్థాయులు కలిసియున్నవి. ‘ఓ స్త్రీ’ యను సంబోధనము వ్యవహారమున లేదు. మంచిర్యాలలో పరాయి ఆడుమనిషినైనను అక్కా యనియో, అమ్మా యనియో, వదినా యనియో పిలుతురు. వరుస కలిపినచో బంధుత్వమేర్పడును. బంధువును గడపవెలుపల నిలుపుట మర్యాద కాదు. కావుననే పిశాచమునకు వరుసలేని పిలుపు దక్కినదని మేము తలంతుము. ‘రేపు రా’ యనునదో, అప్పు వసూలునకు వచ్చినవానికి ఇంటివారు చెప్పు నిత్యపు మాట. ‘నేడు నగదు, రేపు అప్పు’ అను పలకను కిరాణా దుకాణములలో చూడనివారరుదు. రేపు ఎన్నటికిని నేడు కాదను చమత్కారము రెండింటను ఒక్కటే. ఈ కథ ఎవరిని కొట్టుమనలేదు. తన తలుపుమీద తాను వ్రాసికొమ్మని మాత్రమే చెప్పినది.

ఇట్టి భయము నిలుచుటకు తగిన నేల గనుల ప్రాంతము. 1871లో ఇల్లందుచెంత భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. తరువాతి కాలమున బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని మున్నగుచోట్ల కార్మికుల కాలనీలు వెలసినవి. పురుషుడు రాత్రి షిఫ్టుకు పోగా ఇంట మిగిలిన ఆలుబిడ్డలకు తలుపు చప్పుడు రెండు విధముల తోచును: వచ్చినది ఇంటివాడా, గనినుండి దుర్వార్త తెచ్చినవాడా? పరిచితమైన గొంతే ప్రాణాంతకమగునను కథ అచటివారికి వింతగా తోపదు.

ఆ నేలకే చెందిన మరియొక లక్షణము, క్రొత్తవారి రాకపోకలు. మంచిర్యాల రైలుదారిపై నున్నది. 2016లో ఏర్పడిన ఈ జిల్లాకు ప్రాణహిత ఆవలియొడ్డున మహారాష్ట్ర. గోదావరికి ఆవల పెద్దపల్లి పరిసరములలోని ఇటుక బట్టీలకు ఒడిశానుండి కూలీలు వత్తురు. తెలుగు రానివాడు ఇచట వింతవాడు కాడు. కాని భయము రూపు మారినపుడు తొలుత గురియగువాడు అతడే.

ఆ రూపము 2018లో మారినది. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వదంతి సెల్‌ఫోను సందేశములలో తెలంగాణమంతట వ్యాపించెను. కరాచీలో బాలల రక్షణను ప్రబోధించుటకై తీసిన ఒక దృశ్యమును, అది నటనయని తెలుపు భాగమును తొలగించి, భారతదేశమంతట నిజముగా చూపిరి. ఆ మే నెలలో నిజామాబాదు, యాదాద్రి భువనగిరి జిల్లాలలోను, హైదరాబాదులోని చాంద్రాయణగుట్టలోను జనులు అమాయకులను కొట్టి చంపిరి. వదంతిలో వినవచ్చిన పేరు ‘పార్ధీ ముఠా’. పార్ధీలు 1871 నాటి నేరస్థజాతుల చట్టమునకు గురియైన సంచారజాతి. బొగ్గు బయల్పడిన ఏడే పుట్టిన ఆ చట్టము 1952లో రద్దయ్యెను. అది వేసిన ముద్ర మాత్రము వదంతిలో బ్రదికియున్నది.

రష్యా దేశపు కథ ఇచట పోల్పదగినది. 1956లో తయారీ ఆరంభమైన వోల్గా కారునుబట్టి సోవియట్ కాలమున ‘నల్ల వోల్గా’ కథ పుట్టెను. నల్లకారులో వచ్చినవారు పిల్లలనెత్తుకొనిపోదురని ఆ కథ. అది పోలండునకును ప్రాకెను. నల్ల వోల్గా అధికారుల వాహనము గనుక ఆ భయము పైవారిని చూచి కలిగినది. తెలుగునాటి వదంతి తనకంటె దిక్కులేనివానిమీద పడినది. మూలభయము రెండుచోట్లను బిడ్డను గూర్చినదే. ఎవనిని అనుమానింపవలెనో కథ నిర్ణయించినది.

పిశాచమునకు ‘రేపు రా’ యని గడువిచ్చిన జనులు మనిషికి గడువీయలేదు. తలుపుమీది వ్రాత చదువుటకు నిలిచినంతసేపు ఆపద ఆగును. చేతిలోని సందేశము చదువుటకే గాని నిలుచుటకు వీలీయలేదు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒకేమారు ఐదింటికి మించి పంపరాదని హద్దు పెట్టుట, ఆ గడువును యంత్రమున చేర్చుటయే. జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగానుండిన రెమా రాజేశ్వరిగారు ఆ యేడే పోలీసులను ఊరూర తిప్పి, డప్పుపై జానపద గేయములతో వదంతులు నమ్మవలదని చెప్పించిరి. మన పరిశోధకులు ఇన్నాళ్లు ఆదరించిన పాట, విస్మరించిన కథకు విరుగుడుగా పనిచేసినది. భయకథలను సేకరించు విద్యార్థి పాఠాంతరములతోపాటు, ప్రతికథయు విన్నవానిచేత చేయింపజూచిన పనిని కూడ నమోదు చేయవలెనని మా విన్నపము.