దోసె, బస్సు, అధిక్షేపం: ఒక వాణిజ్య ప్రకటన వివాదం

అధిక్షేపం అనగానే తెలుగు సాహిత్య విద్యార్థికి ఆశ్రయం చెడిన కవి గుర్తుకు వస్తాడు. 18వ శతాబ్దికి చెందిన కూచిమంచి జగ్గకవి, చింతలపాటి నీలాద్రిరాజు కోరిక మేరకు అతని భోగస్త్రీ పేర ‘చంద్రరేఖా విలాసం’ రచించాడనీ, తీరా రాజు అవమానించగా దానినే ‘చంద్రరేఖా విలాపం’గా మార్చాడనీ సాహిత్య చరిత్రలు చెబుతున్నాయి. ప్రబంధపు చట్రం చెదరదు. స్తుతి ఉండవలసిన చోట నింద వచ్చి కూర్చుంటుంది. నేటి మాటలో చెప్పాలంటే, సొమ్ము ఎగ్గొట్టిన యజమాని ప్రకటనను రాసినవాడే తిరగరాశాడు.

ఈ నేపథ్యంలో 2021 నవంబరు నాటి ఒక వివాదం పరిశీలించదగినది. బైక్ టాక్సీ సంస్థ ర్యాపిడో ప్రకటనలో నటుడు అల్లు అర్జున్ దోసెలు వేసేవాడిగా కనిపించాడు. ఆర్టీసీ బస్సు మామూలు దోసెలా ఆలస్యమనీ, బైక్ టాక్సీ మసాలా దోసె వేసినంత వేగమనీ చూపడం తమ సంస్థను కించపరచడమేనని అభ్యంతరం చెబుతూ, నాటి టీఎస్ఆర్టీసీ మేనేజింగ్ డైరెక్టర్ వి.సి. సజ్జనార్ నటుడికీ, సంస్థకూ లీగల్ నోటీసులు పంపారు.

అలంకారశాస్త్ర దృష్టితో చూస్తే ఇందులో రెండు పనులు జరిగాయి. తన సరుకును ఆకాశానికెత్తడం అతిశయోక్తి. దాని పక్కన మరొకరి సేవను నిలబెట్టి తగ్గించడం నింద. మన న్యాయస్థానాలు పోల్చి చెప్పే ప్రకటనల విషయంలో స్థూలంగా ఈ గీతనే గీశాయి: నాదే మేలైనదని చెప్పుకోవచ్చు, ఎదుటివాడిది పనికిరానిదని చెప్పరాదు. ఆలంకారికులు లక్షణ భేదంగా చూసినది ఇక్కడ బాధ్యతా భేదమైంది.

అయితే నా ఆసక్తి అక్కడ లేదు. ఎవరు ఎవరిని వెక్కిరించారన్నదే ముఖ్యం. జగ్గకవి నింద కిందినుంచి పైకి వెళ్లింది. 1932లో నిజాం రైలు, రోడ్డు రవాణా శాఖ కింద 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన ప్రజా రవాణా వారసత్వం టీఎస్ఆర్టీసీది. దానిని పెట్టుబడీ, తారాబలమూ ఉన్న సంస్థ వెక్కిరించినప్పుడు అధిక్షేపం దిశ తిరగబడింది. అధిక్షేప కవికి ఆశ్రయం పోతుంది. ప్రకటన రచయితకు పారితోషికం ముడుతుంది.

ఇంతమాత్రాన బస్సు పక్షం నిష్కళంకమని కాదు. అల్వాల్ నుంచి సికింద్రాబాద్‌కు ఉదయం వేళ ఫుట్‌బోర్డు మీద వేలాడినవారికి ఆ ఎగతాళిలో సత్యాంశం కనిపించకపోదు; నాకూ నవ్వు వచ్చిందని ఒప్పుకోవాలి. హాస్యం పండింది అనుభవంలో నిజం ఉన్నందువల్లనే. కానీ ఆ రద్దీకి కారణమైన బస్సుల కొరత గురించి ప్రకటన మాట్లాడదు. ఇరుకును బస్సు స్వభావంగా చూపి, ఇద్దరికి మించి పట్టని వాహనాన్ని పరిష్కారంగా అమ్ముతుంది. చంద్రరేఖా విలాపంలో రాజు వ్యసనం నింద వెనుక స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ కారణం కనిపించకుండా పోయింది.

మరొక విషయం. ఇదే ఆర్టీసీ తన బస్సుల వెనుక భాగాన్నీ, పక్కలనూ వాణిజ్య ప్రకటనలకు అద్దెకిస్తుంది. లోతుకుంట స్టాపు దగ్గర నిలబడితే బస్సు నంబరు కంటే ముందు ఏదో ఒక బ్రాండు పేరు కంటబడుతుంది.