మంచుసీమల గ్రంథసూచీ, మన సీమ పుస్తకాలూ

పుస్తకం రాసినవారి పేరు నిలుస్తుంది, అచ్చువేసినవారి పేరూ ఉంటుంది. ఎక్కడెక్కడ ఏ పుస్తకం ఉందో పట్టిక రాసి పెట్టినవారిని ఎవరూ తలచుకోరు. కాని పట్టికకెక్కని పుస్తకం చిరునామా లేని ఉత్తరం లాంటిది. ఉన్నా ఎవరికీ చేరదు.

దీనికి నాకు తెలిసిన మంచి దృష్టాంతం ఉత్తర ధ్రువ ప్రాంతానిది. ఆ మంచుసీమ ఏ ఒక్క దేశానిదీ కాదు. దాన్ని గురించిన రాతలూ ఒక్క భాషలో లేవు. గడ్డకట్టిన నేల మీద ఇల్లు కట్టే విధానం రష్యన్‌లో ఉంటే, గ్రీన్‌లాండ్ సంగతులు డేనిష్‌లో ఉండేవి. గ్రంథాలయాల్లో ఒకటి ఇంజనీరింగు బీరువాలోకి, ఇంకొకటి యాత్రాచరిత్రల్లోకి పోయేది.

1945లో ఏర్పడిన ఆర్కిటిక్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నార్త్ అమెరికా వీటన్నిటికీ ఒకే సూచీ తయారుచేయ పూనుకుంది. కెనడాకు చెందిన మేరీ ట్రెమెయిన్ దానికి సంపాదకురాలు. మొదటి సంపుటం 1953లో వచ్చింది. 1975 నాటికి 16 సంపుటాలు, లక్షకు పైగా పద్దులు అయ్యాయి. రష్యన్ పుస్తకమైతే పేరును రోమను లిపిలో రాసి, అర్థం ఇంగ్లీషులో చెప్పి, లోపలి సారాన్ని క్లుప్తంగా ఇచ్చారు. విషయాన్ని బట్టీ, స్థలాన్ని బట్టీ వెతుక్కోవడానికి అనుక్రమణిక చేర్చారు.

16వ సంపుటంతో ఆ పని ఆగింది. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1950ల నుంచి మంచు, గడ్డకట్టిన నేలల మీద వేరే సూచీని, 1960ల నుంచి అంటార్కిటికా సూచీని నడుపుతూ వచ్చింది. పట్టిక రాయడం ఒక ఎత్తు, ఏటేటా కొత్త పద్దులు చేర్చి నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఆగిన మరుసటి ఏడు వచ్చిన పుస్తకం ఇక అందులో కనబడదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కైవార తాతయ్య, యోగి నారేయణులు, తెలుగులోనూ కన్నడంలోనూ రాశారు. చింతామణి, బాగేపల్లి వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ అక్షరాలు. అందుకే మన తెలుగు కీర్తనలు కన్నడ లిపిలో కూడా అచ్చవుతాయి. అటువంటి పుస్తకం కన్నడ బీరువాలో చేరితే తెలుగు పరిశోధకుడు అక్కడ వెతకడు. తెలుగు పట్టిక రాసేవారు లిపి చూసి పక్కన పెడతారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. పైగా 2007లో కోలారు నుంచి చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయింది. పాత పుస్తకం మీద ఒక జిల్లా పేరు, కొత్త పుస్తకం మీద ఇంకొకటి.

మంచుసీమవారు భాషనూ దేశాన్నీ పక్కన పెట్టి, స్థలాన్ని పట్టుకుని అన్నిటినీ ఒక్కచోటికి తెచ్చారు. మన సీమకూ ఆ దారే సరైనదని నా అభిప్రాయం. మొదలుపెట్టడానికి ఒక పెద్ద నోటుపుస్తకం చాలు. పుస్తకం పేరు, రాసినవారు, భాష, లిపి, అచ్చయిన ఊరు, సంవత్సరం, ప్రతి ఎవరి దగ్గర ఉందో రాయాలి. భాషకూ లిపికీ వేరువేరు గళ్లు ఉండాలి. మనకు అదే ప్రాణం. భజన మండళ్లలోని చేతిరాత పుస్తకాలనూ వదలకూడదు. పెద్దవాళ్లు పోయాక అవి పాత కాగితాల బేరగాడి తక్కెడలోకే పోతాయి.

ఊరికొకరు పూనుకుంటే పని సాగుతుంది. ఏటా ఉగాదికి ఆ ఏటి పద్దులు చేర్చి, ఒక నకలు వేరే ఊళ్లో దాచాలి. రాసినవారి పేర్లు ఎవరికీ గుర్తుండకపోవచ్చు. తాతయ్య తెలుగు మాట ఎక్కడుందో వెతికేవారికి దొరికితే అంతే చాలు.