మల్లె అంటు: చేతులు మారిన చరిత్ర



పెరటి మల్లెపొదకు చరిత్ర యేమున్నదని మీలో కొంద రనుకొనవచ్చును. రాజులకు శాసనములు కలవు, దేవాలయములకు శిలలు కలవు. మల్లెకు అట్టి సాక్ష్యములు లేవు. దాని చరిత్రయంతయు ఒక చేతినుండి మరియొక చేతికి పోయిన అంట్లలోనే యున్నది. నేడు ఆ కథను, దానితోపాటు అంటు తొక్కు విధానమును ముచ్చటించెదను.

మన యిండ్లలో పెంచు ముద్దమల్లెకు గింజ కట్టుట మిక్కిలి అరుదు. పుప్పొడి నీయవలసిన కేసరములు అందు రేకులుగా మారిపోయినవి. కావున దాని వంశము కొమ్మవలననే సాగవలెను. కొమ్మనుండి పుట్టిన మొక్క తల్లికి బిడ్డ వంటిది గాదు. తల్లిమొక్కయే మరియొకచోట కాలూనినట్లు తలపవలెను. మీ ముంగిటి మల్లె మీ ముత్తవ్వ నీరు పోసిన మల్లెయే కావచ్చును. నడుమ ఒక్క తరమువారు అంటు తీయుట మరచినను, ఆ యింటి మల్లె అంతటితో సరి.

కొమ్మనుండి మొక్కను తీయు విద్య మన దేశమున ప్రాచీనమైనది. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున వరాహమిహిరాచార్యుడు రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయము కలదు. పనస, అశోకము, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలము మొదలగువాటిని కొమ్మకు ఆవుపేడ పూసి నాటవలెనని అందు చెప్పబడినది. ఆ పట్టికలో మల్లె పేరు లేదు. కాని పూలతీగ యగు అతిముక్త కలదు. మొక్కను ఒకచోటనుండి మరియొకచోటికి మార్చునపుడు నేయి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగములు, పాలు, పేడ కలిపి మొదలంట పూయవలెనని కూడ ఆచార్యుడు విధించెను. పిమ్మట సురపాలుడను పండితుడు వృక్షాయుర్వేదమను పేరనే ఒక గ్రంథము రచించెను. దాని వ్రాతప్రతి ఆంగ్లదేశమున ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమునందుండగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్‌వారు 1996లో ఆంగ్లానువాదముతో అచ్చువేసిరి.

మల్లె మన దేశమున నిలిచిపోలేదు. 1753లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దానికి శాస్త్రనామము నొసగుచు 'సంబాక్' అను మాటను చేర్చెను. అది 'జంబక్' అను అరబ్బీ పదమునుండి వచ్చినది. 1934లో ఫిలిప్పీనులవారు ఈ పుష్పమునే తమ జాతీయపుష్పముగా ప్రకటించుకొనిరి.

ఇటలీలోని టస్కనీ ప్రాంతమునందు ఒక కథ చెప్పుకొందురు. 1670 మొదలు 1723 వరకు అచట నేలిన మూడవ కాసిమో ప్రభువునకు గోవానుండి ముద్దమల్లె వచ్చినదట. రెమ్మయైనను బయటికి పోరాదని ఆయన కట్టడి చేసెనట. తోటమాలి యొకడు తాను వరించిన కన్యకు ఒక రెమ్మ దొంగతనముగా నిచ్చెను. ఆ పిల్ల తల్లి దానిని నాటి, మొక్కలు పెంచి అమ్మి, ఆ సొమ్ముతో పెండ్లి చేసెనట. కథ యెంతవరకు నిజమైనను, నేటికిని ఆ జాతి ముద్దమల్లెకు టస్కనీ మహాప్రభువు పేరే నిలిచియున్నది.

ఈ కథను చదివినపుడెల్ల నాకు సిగ్గు కలుగును. బాల్యమున నేనును ఆ ప్రభువు వంటివాడనే. దివిసీమలోని మా యింట బావిగట్టున ఒక ముద్దమల్లె యుండెను. మా తల్లిగారు ఏటేట అంట్లు తొక్కి అడిగినవారి కెల్ల నిచ్చెడివారు. "అందరికీ ఇస్తే మన చెట్టు గొప్ప ఏముందమ్మా?" అని నేనొకనాడు కోపగించుకొంటిని. ఆమె నవ్వి, "పిచ్చివాడా, ఇంట్లో దీపం ఆరిపోతే పొరుగింటి దీపంతోనే వెలిగించుకోవాలి" అనెను.

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చెను. వేలకొలది ప్రాణములు పోయిన ఆ దినమున మల్లెపొదను తలచినవా రెవరు? నీరు తీసిన పిమ్మట చూడగా, బావి ఉప్పు, నేల ఉప్పు, మల్లె మోడు. రెండు వానకాలములు గడచి ఉప్పు కడిగిపోయిన తరువాత, తెనాలినుండి మా పిన్నిగారు తడిగుడ్డలో చుట్టిన ఒక అంటు తెచ్చిరి. అది మా తల్లిగారు ఆమెకు పెండ్లినాడిచ్చిన మల్లెదే. దానిని నాటునపుడు మా తల్లిగారు ఒక్కమాటయు పలుకలేదు; నీరు పోయుమని చెంబు నా చేతికిచ్చిరి. అప్పటికి నేను కళాశాలలో చదువుచున్నవాడను. ఆ చెంబు బరువు నాకు నేటికిని జ్ఞాపకమున్నది.

ఇక విధానము వినుడు. జ్యేష్ఠాషాఢములలో నేల పదునెక్కినపుడు, నిరుడు పుట్టి ముదిరిన కొమ్మను నేలకు వంచుడు. ఒక కణుపునకు దిగువ, అడుగువైపున, అంగుళము పొడవున ఏటవాలుగా గాటు పెట్టుడు. కొమ్మ లావులో సగమునకు మించరాదు. గాటు మూసికొనకుండ సన్నని పుల్ల నుంచుడు. నాలుగంగుళముల గుంటలో మాగిన ఎరువు కలిపిన మన్ను పోసి, కొమ్మను అందు పూడ్చి, కొన పైకి విడిచి, మీద ఒక రాయి పెట్టుడు. తడి ఆరరాదు, నీరు నిలువరాదు. మూడు నాలుగు మాసములకు వేళ్లు దిగును. అప్పుడు తల్లికొమ్మను ఒకేసారి తెగగోయక, మొదట సగము కోసి, పదిదినములు తాళి పూర్తిగా వేరుచేయుడు. ఎండ బాగుగా తగులు చోట నాటుడు.

ఈ వానకాలమున మీ పెరటిలో రెండు కొమ్మలు పూడ్చుడు. ఒకటి మీకు, రెండవది వేరొక ఊరిలోని బంధువునకో, స్నేహితునకో. మల్లె లేని యింటివా రడుగకముందే ఇచ్చుట మేలు.