బరువులెత్తేవాళ్ళూ, మందులూ, మన అనుమానాలూ

మా రాజాం బస్టాండులో నిలబడి మూడు వైపులకి మూడు బస్సులెక్కితే మూడు బలమైన ఊళ్ళు తగుల్తాయి. పాలకొండ మీదుగా వెళ్తే వీరఘట్టం, కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ఊరు. శ్రీకాకుళం వైపు వెళ్తే ఆమదాలవలస పక్కన ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి ఊరు. చీపురుపల్లి మీదుగా విజయనగరం వైపు వెళ్తే నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ, మత్స సంతోషి ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ మూడూ మూడు జిల్లాలకి పోయాయి, మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. అది వేరే సంగతి. బయటివాళ్ళకి రాజాం అంటే జీఎమ్మార్ ఊరు. కొంచెం చరిత్ర చదివినవాళ్ళకి తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు. నాకు మాత్రం ఈ బరువులెత్తేవాళ్ళ మధ్యలో ఉన్న ఊరు అనిపిస్తుంది.

ఇలాంటి చోట పెరిగితే చిన్నప్పట్నించీ రెండు మాటలు వింటూనే ఉంటాం. మొదటిది "మన జిల్లా పిల్ల" అన్న గొప్ప. రెండోది టీ కొట్టు దగ్గర కాస్త గొంతు తగ్గించి అనేది: "ఆ గుంట అంత బరువు ఊరకనే ఎత్తీసిందేటి? మందులు కొట్టీసుంటాది." విచిత్రం ఏమిటంటే రెండు మాటలూ ఒకే నోట్లోంచి వస్తాయి, అదీ ఒకే గ్లాసు టీ అయ్యేలోపు :)

ఈ రెండో మాటకి ఎంత చరిత్ర ఉంది, అందులో నిజం ఎంత, ఆ అనుమానం ఖరీదు ఎవరు కడుతున్నారు అన్నదే నేను రాయాలనుకున్నది.

అసలు బలం మా వైపు కొత్తగా వచ్చింది కాదు. పండగలకి సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు, ఉలవల బస్తాలెత్తే పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. విజయనగరం తాలింఖానాల పేరు మీరు వినే ఉంటారు. ఆ వాతావరణంలోంచే రామ్మూర్తి నాయుడు వచ్చాడు. ఉక్కు గొలుసులు తెంచడం, కార్లు కదలకుండా ఆపడం, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకోవడం, ఇలాంటివి చేసి కలియుగ భీముడు అనిపించుకున్నాడు. 1942లో చనిపోయాడు. ఆయన బలానికి కారణం ప్రాణాయామం, శాకాహారం అని చెప్పుకుంటారు. ఆయన్ని ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో అలాంటి పరీక్షే లేదు. నిషేధించిన మందుల జాబితా అన్న ఆలోచనే సరిగ్గా పుట్టలేదు.

ఎంతగా పుట్టలేదంటే, 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్లో థామస్ హిక్స్ అనే ఆయన పరిగెడుతూ తూలిపోతుంటే, ఆయన వెనకాల ఉన్నవాళ్ళు స్ట్రిక్నిన్‌ని గుడ్డు తెల్లసొనలో కలిపి, బ్రాందీతో సహా తాగించారు. అందరూ చూస్తుండగానే. ఆయనకే బంగారు పతకం వచ్చింది. స్ట్రిక్నిన్ అంటే ఏదో విదేశీ మందు అనుకోకండి. మన కొండల్లో దొరికే ముష్టి గింజల్లో ఉండే విషమే అది. కొంచెం పడితే నరాలని ఉత్తేజపరుస్తుంది, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. అదే స్ట్రిక్నిన్ 2001లో కొరియాలో జరిగిన ఆసియా పోటీల్లో మన కుంజరాణి దేవి పరీక్షలో బయటపడింది, ఆరు నెలల నిషేధం పడింది. 1904లో బంగారం తెచ్చిపెట్టిన మందు 2001లో నిషేధం తెచ్చింది. మందు మారలేదు, మధ్యలో నియమం వచ్చింది.

అసలు పెద్ద మార్పు స్టెరాయిడ్లతో వచ్చింది. అమెరికాలో జాన్ జీగ్లర్ అనే డాక్టరు పెన్సిల్వేనియాలోని యార్క్ లిఫ్టర్లకి ఈ మాత్రలు అలవాటు చేశాడు. 1958లో సీబా కంపెనీ డయానబాల్ అన్న మాత్ర మార్కెట్లోకి తెచ్చింది. ఒలింపిక్స్‌లో స్టెరాయిడ్ల కోసం పరీక్షలు మొదలైంది 1976 మాంట్రియల్‌లో. అంటే మందు వచ్చిన దాదాపు ఇరవై ఏళ్ళకి పరీక్ష వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, లోపం ముందు పుడుతుంది, దాన్ని పట్టుకునే టెస్టు కేసు తర్వాత పుడుతుంది. ఈ ఇరవై ఏళ్ళలో వచ్చిన రికార్డుల్లో ఏది నిజమో ఏది మాత్రో ఇప్పుడెవరూ చెప్పలేరు.

బరువులెత్తే ఆటకే ఈ జబ్బు ఎందుకు ఎక్కువ పట్టింది? రెండు కారణాలు. ఒకటి, ఇందులో గెలుపు దాదాపు కండ బలమే, కాబట్టి మాత్ర పనిచేస్తే తేడా నేరుగా బార్ మీద కనిపిస్తుంది. రెండు, ఇది శరీర బరువు తరగతుల ఆట. 53 కిలోల తరగతిలో దిగాలంటే తూకం రోజు 53 దాటకూడదు. దానికి అడ్డదారి మూత్రం ఎక్కువగా పోయించే మందులు. ఒంట్లో నీరు పోయి బరువు తగ్గుతుంది, పైగా మూత్రం పలచబడి వేరే మందుల ఆనవాళ్ళు దొరక్కుండా పోయే అవకాశం ఉంది. అందుకే బీపీకి వాడే మామూలు మాత్ర కూడా ఆటగాళ్ళకి నిషేధం. ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రల పెట్టె తీసి చూడండి, హైడ్రోక్లోరోథయజైడ్ అన్న పేరు కనిపించినా కనిపించొచ్చు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

2000లో సిడ్నీ. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారు. మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 110, 130 ఎత్తి మొత్తం 240 కిలోలతో కంచు తెచ్చింది. చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది, అది నిలబడి ఉంటే బంగారమే. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అదే ఒలింపిక్స్‌లో 48 కిలోల తరగతిలో మొదటి బంగారం గెలిచిన బల్గేరియా అమ్మాయి ఇజబెలా డ్రగ్నెవా ఫ్యూరోసెమైడ్ వాడి పట్టుబడింది, పతకం పోయింది. మరో ఇద్దరు బల్గేరియా లిఫ్టర్ల పతకాలూ పోయాయి. అంటే సిడ్నీలో పరీక్షలు నిద్రపోలేదు. మల్లీశ్వరి పతకం ఆ జల్లెడలోంచి వచ్చింది. "అందరూ వాడేవాళ్ళే" అనే పెద్దమనిషికి చెప్పాల్సిన మొదటి జవాబు ఇదే.

ఇక మనవాళ్ళు అందరూ మంచివాళ్ళే అంటానేమో అని చూడకండి. ఆ తర్వాత పదేళ్ళు సిగ్గుతో తల దించుకోవాల్సిన చరిత్ర. 2004 ఏథెన్స్‌లో సనమాచ చాను, ప్రతిమా కుమారి ఇద్దరూ పట్టుబడ్డారు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం గెలిచిన శైలజ పూజారి 2006లో ఒకసారి, 2010లో ఢిల్లీ క్రీడల ముందు ఇంకోసారి పట్టుబడింది. 2006 మెల్‌బోర్న్‌లో ఎడ్విన్ రాజు, తేజీందర్ సింగ్. ఆ ఏడాది భారత సమాఖ్య మీదే నిషేధం పడింది. 2009లో ఆరుగురు దొరికితే అంతర్జాతీయ సమాఖ్య 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అది తీర్చకపోతే మన ఢిల్లీలో జరిగే ఆటల్లో మనవాళ్ళే దిగలేని పరిస్థితి. కాబట్టి టీ కొట్టు అనుమానం గాల్లోంచి పుట్టలేదు, దానికి ఆధారం ఉంది. 2023లో కూడా ప్రపంచ సంస్థ వాడా లెక్క ప్రకారం మన దేశంలో 5606 శాంపిళ్ళు పరీక్షిస్తే 3.8 శాతం దోషాలు తేలాయి. అంత పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో ఇదే అందరికంటే ఎక్కువ శాతం.

కానీ ఆ లెక్కని రెండో వైపు నుంచి కూడా చదవాలి కదా. వంద శాంపిళ్ళలో తొంభై ఆరు ఏమీ లేకుండా వచ్చాయి. పరీక్ష అందర్నీ పట్టుకోలేదు, ఒప్పుకుంటాను. అయినా ఆ తొంభై ఆరులో ఉన్న నిజాయితీపరుల సంగతేమిటి?

కొండవెలగాడ సంతోషి సంగతి తీసుకోండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు, 53 కిలోల తరగతి. సంతోషి 83, 105 ఎత్తి మొత్తం 188 కిలోలతో మూడో స్థానం. 196తో బంగారం గెలిచింది నైజీరియాకి చెందిన చికా అమలాహా, వయసు పదహారేళ్ళు. తర్వాత ఆ అమ్మాయి శాంపిల్‌లో ఎమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ దొరికాయి (పేరు గుర్తుందా?). పతకం వెనక్కి తీసుకున్నారు. పాపువా న్యూగినీ దికా తోవాకి బంగారం, మన సంతోషికి వెండి, నాలుగో స్థానంలో ఉన్న మన స్వాతి సింగ్‌కి కంచు వచ్చాయి. ఊళ్ళో కూర్చుని "మందులు కొట్టీసుంటాది" అని మనం అనుకునే ఆటలో, మా జిల్లా పిల్ల మందుల వల్ల నష్టపోయి, పరీక్ష వల్ల న్యాయం పొందింది. ఆ న్యాయం కూడా సగమే. పోడియం మీద వెండి మెట్టు ఎక్కే క్షణం మళ్ళీ రాదు.

ఇంకా ఘోరం 2012 లండన్ మగవాళ్ళ 94 కిలోల తరగతి. దాచిన శాంపిళ్ళని ఏళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే మొదటి నలుగురూ ఎగిరిపోయారు. ఐదో స్థానంలో వచ్చిన ఇరాన్ లిఫ్టర్ సయీద్ మొహమ్మద్‌పూర్‌కి బంగారం వచ్చింది. తొమ్మిదో స్థానం నుంచి కంచుకి ఎగబాకిన పోలెండ్ లిఫ్టర్ జిలిన్‌స్కీ, 2016 రియోలో తనే పట్టుబడ్డాడు! నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇప్పుడు దీని పక్కన డబ్బున్న ఆటని పెట్టి చూద్దాం. గోల్ఫ్. మన ఆఫీసుల్లో వైస్ ప్రెసిడెంట్లు ఆడే ఆట కాబట్టి మీకూ పరిచయమే. 2007లో గ్యారీ ప్లేయర్ అనే మహా ఆటగాడు, గోల్ఫ్‌లో కూడా కొందరు మందులు వాడుతున్నారని నాకు తెలుసు అన్నాడు, పేర్లు మాత్రం చెప్పలేదు. అమెరికా పీజీఏ టూర్ పరీక్షలు మొదలుపెట్టింది 2008లో. వెయిట్‌లిఫ్టింగ్ కంటే ముప్ఫై ఏళ్ళు వెనక! 2013లో విజయ్ సింగ్ జింక కొమ్ముల స్ప్రే వాడానని చెప్పాడు. టూర్ మొదట సస్పెన్షన్ వేసింది, ఆ స్ప్రేని వాడా నిషేధంగా చూడటం లేదని తెలిశాక వెనక్కి తీసుకుంది. ఆయన ఊరుకోలేదు, నా పరువు తీశారని టూర్ మీద కోర్టుకెళ్ళాడు. 2018లో రాజీ అయ్యేదాకా ఐదేళ్ళు నడిపాడు. మంచిదే, అది ఆయన హక్కు. కానీ నెల్లిమర్ల మండలంలోంచి వచ్చిన అమ్మాయి ఏ కోర్టుకెళ్తుంది? ఏ లాయరుకి డాలర్లలో ఫీజిస్తుంది?

మణిపూర్ సంజీతా చాను కథ ఇక్కడ చెప్పాలి. 2017 నవంబర్‌లో తీసుకున్న శాంపిల్‌లో టెస్టోస్టిరాన్ ఉందని 2018 మే నెలలో సస్పెండ్ చేశారు. తీరా చూస్తే కాగితాల మీద శాంపిల్ నంబర్లే కలవలేదు. మన భాషలో చెప్పాలంటే ప్రైమరీ కీ తప్పు. మనమైతే టికెట్ వేసి సాయంత్రానికి సరిచేస్తాం. ఆమెకి రెండేళ్ళు పట్టింది. 2020లో ఆరోపణ కొట్టేశారు, ఈలోపు 2018 ఆసియా క్రీడలు పోయాయి. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2022 జాతీయ క్రీడల్లో తీసుకున్న వేరే శాంపిల్‌లో డ్రోస్టనొలోన్ దొరికి 2023లో నాలుగేళ్ళ నిషేధం పడింది. "చూశావా, ముందే చెప్పాం" అంటారు టీ కొట్టువాళ్ళు. నేను ఒప్పుకోను. రెండో శాంపిల్ దోషం మొదటి శాంపిల్ నంబరుని సరిచెయ్యదు. మనిషి మీద మన అభిప్రాయం ఎటు ఊగినా, ఏ కేసుకి ఆ కేసు కాగితం సరిగ్గా ఉండాల్సిందే.

ఇంకో మాట. ఈ కథలన్నిట్లో మనకి గుర్తుండేది ఎత్తినవాళ్ళ పేర్లే. మందు చేతిలో పెట్టినవాడి పేరు చాలాసార్లు రాదు. మా వైపు బార్ ఎత్తడం అంటే పతకం కంటే ముందు ఉద్యోగం. రైల్వే, పోలీసు, ఆర్మీ స్పోర్ట్స్ కోటా. ఇంట్లో అందరూ ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తుంటే, పదిహేనేళ్ళ పిల్లకి "ఇది విటమినే, వేసుకో" అంటే డబ్బా మీద ఇంగ్లీషులో సన్నక్షరాలు చదివి ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? మన చేతిలో ఉన్న ఫోన్లో ఆ మందు పేరు కొడితే నిమిషంలో తెలుస్తుంది. ఆ నిషేధ జాబితాని తెలుగులో, మన పిల్లలకి అర్థమయ్యేలా పెట్టడం పెద్ద ప్రాజెక్టు ఏమీ కాదు. కోడింగ్ వచ్చినవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, వారాంతాల్లో అయిపోయే పని.

అంతవరకూ నేను ఒకటి పాటిస్తున్నాను. ఎవరైనా "మందులు కొట్టీసుంటాది" అంటే మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ సంవత్సరం? ఏ పరీక్ష? ఏ మందు? జవాబుంటే వింటాను, ఎంత పెద్ద పేరైనా సరే. లేకపోతే ఆ అమ్మాయి బార్ మీద లేని బరువు మనం వేస్తున్నట్టు లెక్క.