పెళ్ళికి ముందురోజు సంతకం

పెళ్ళంటే మనకి ముహూర్తం, పందిరి, పప్పన్నం గుర్తొస్తాయి. ఇక్కడ అమెరికాలో కొందరికి లాయరు కూడా గుర్తొస్తాడు. పెళ్ళికి ముందే ఆస్తుల గురించి రాసుకునే ఒప్పందాన్ని ప్రీనప్ అంటారు. సంతకం పెట్టేశాక అది చెల్లదని కోర్టుకెళ్ళవచ్చా? నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. చదివి తెలుసుకున్న చరిత్ర చెబుతాను.

ఒకప్పుడు ఇక్కడి కోర్టులు, విడిపోతే ఎవరికెంత అని ముందే రాసుకోవడం విడాకులను ప్రోత్సహించడమేనని అలాంటి ఒప్పందాలను కొట్టేసేవి. 1970లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు పోస్నర్ కేసులో ఆ ధోరణి మార్చింది. మిగతా రాష్ట్రాలూ క్రమంగా అదే దారి పట్టాయి. ఆ తర్వాత తగాదాలు ఎక్కువగా సంతకం ఎలా జరిగిందన్న దాని మీదికి మళ్ళాయి.

అందరూ చెప్పుకునే కేసు బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్‌ది. ఆయన 1988 ఫిబ్రవరి 6న పెళ్ళి చేసుకున్నాడు. ముందురోజే లాయరు ఆఫీసులో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పెళ్ళికూతురు స్వీడన్ నుంచి వచ్చిన అమ్మాయి. ఆయన పక్కన లాయర్లున్నారు, ఆమెకి ఎవరూ లేరు. కాలిఫోర్నియాలో కాపురంలో ఉండగా సంపాదించింది మామూలుగా ఇద్దరిదీ. ఆ హక్కు ఒక్క సంతకంతో పోయింది. అప్పటికి ఆయన ఏడాది సంపాదన లక్ష డాలర్ల పైచిలుకు. 1994లో విడిపోయేనాటికి అది ఎనభై లక్షలు!

ఆ ఒప్పందం చెల్లదని ఆమె కోర్టులో వాదించింది. 1999లో అప్పీలు కోర్టు ఆమె వైపు మొగ్గింది. 2000లో రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం, లాయరు లేకపోవడం చూడవలసిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, ఆమె ఇష్టపూర్వకంగానే సంతకం పెట్టిందన్న కింది కోర్టు నిర్ణయానికి తగిన సాక్ష్యం ఉందని చెప్పింది. ఆమె ఓడిపోయింది.

కానీ ఆ తీర్పు వచ్చాక శాసనసభ చట్టాన్నే మార్చింది. 2002 నుంచి ఏడు రోజుల గడువు వచ్చింది. 2020 నుంచైతే, తుది ప్రతి చేతికిచ్చాక ఏడు రోజులు ఆగకుండా సంతకం పెట్టించకూడదు. సొంత లాయరు ఉండాలి. వద్దనుకుంటే ఆ మాట విడిగా రాసివ్వాలి. అప్పుడు ఏ హక్కులు వదులుకుంటోందో ఆమెకి బాగా వచ్చిన భాషలో వివరించాలి, ఒప్పందమూ ఆ భాషలోనే ఉండాలి. సొంత లాయరు లేకుండా భరణం వదులుకుంటే ఆ షరతు చెల్లదు.

ఇది కాలిఫోర్నియా సంగతి. రాష్ట్రాన్నిబట్టి చట్టం మారుతుంది. కానీ చుట్టాలు దిగిపోయి, హాలుకి డబ్బు కట్టేశాక కాగితం ముందు పెడితే కాదనగలిగే ధైర్యం ఎంతమందికుంటుంది? సంతకం పెట్టేది మన అమ్మాయైనా, మనింటికి రాబోయే కోడలైనా, ఆ వారం రోజులూ ఆమెకి ఇవ్వండి.