మెదడు దెబ్బతిన్నదన్న అనుమానం: మనిషిని బట్టి పరీక్ష

తలకు గాయమైనప్పుడు, పక్షవాతం వచ్చినప్పుడు, మూర్ఛవ్యాధి దీర్ఘకాలం వేధించినప్పుడు, వృద్ధాప్యంలో మతిమరుపు పెరిగినప్పుడు మెదడు శక్తులలో ఏది ఎంత తగ్గిందో, ఏది చెక్కుచెదరక నిలిచిందో క్రమపద్ధతిలో తెలుసుకొనే పరిశీలనను నాడీ మనోవైజ్ఞానిక పరీక్ష అంటారు. ఆసుపత్రులలో దీనిని న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్ అని వ్యవహరిస్తారు. స్కానింగ్ మెదడు రూపాన్ని చూపుతుంది. ఆ మెదడుతో మనిషి ఏ పని చేయగలడో ఈ పరీక్ష తెలుపుతుంది. తలకు దెబ్బ తగిలిన కొందరికి సి.టి. స్కాన్‌లో లోపమేదీ కనిపించకపోయినా ఏకాగ్రత, జ్ఞాపకం, నిగ్రహం సన్నగిల్లి ఉండవచ్చు.

రెండు మార్గాలు

అమెరికాలో వార్డ్ హాల్‌స్టెడ్ 1935లో షికాగోలో ప్రయోగశాల నెలకొల్పి, అందరికీ ఒకే పరీక్షల వరుస పెట్టే పద్ధతికి పునాది వేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సైనికులను పరిశీలించిన రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా వేరొక దారి పట్టాడు. రోగి చేసిన తప్పును బట్టి తరువాతి ప్రశ్నను ఎన్నుకోవడం ఆయన పద్ధతి. ఎన్ని మార్కులు వచ్చాయన్న దానికంటే తప్పు ఎందుకు జరిగిందన్నది ఆయనకు ముఖ్యం. నేటి నిపుణులు రెండింటినీ కలిపి వాడుతున్నారు.

మన దేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2004లో తన పరీక్షల సంపుటిని ప్రచురించింది. ఇందులో వయస్సు, విద్య, స్త్రీపురుష భేదాలను బట్టి ప్రమాణాలు వేరువేరుగా ఉన్నాయి. పదిహేను పదాలు చదివి వినిపించి, ఎన్ని గుర్తున్నాయో వెంటనే ఒకసారి, కొంతసేపటికి మరొకసారి అడుగుతారు. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూస్తారు. బొమ్మ చూసి గీయించడం, రంగులను, అంకెలను వరుసగా కలిపించడం వంటివి మరికొన్ని.

సరిహద్దులో భాష చిక్కు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి; బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత మారినా ఇళ్లలో మాటలు మారలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో రెండూ, కొందరికి ఉర్దూ కూడా. ఇటువంటివారిని పరీక్షించేటప్పుడు ఏ భాషలో అన్నది మొదటి ప్రశ్న.

ఏనుగు బొమ్మ చూపితే ఒకరు "ఆనె" అంటారు. గుర్రాన్ని "కుదురె" అంటారు. తెలుగు జాబితా మాత్రమే ముందున్న పరీక్షకుడు దానిని తప్పుగా లెక్కిస్తే, లేని జబ్బు ఉన్నట్లు తేలుతుంది. తెలుగు మాట్లాడుతూ కన్నడ లిపి మాత్రమే చదవగలవారికి తెలుగు వాక్యం చదవమని ఇస్తే వచ్చే వైఫల్యం మెదడుది కాదు. పక్షవాతం తరువాత రెండు భాషలూ సమానంగా తిరిగి రాకపోవచ్చు; ఒక భాషలోనే పరీక్షిస్తే రెండవదానిలోని నష్టమో, మిగిలిన బలమో కంటబడదు.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండు భాషలు తెలిసినవారిలో జబ్బు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. కాబట్టి రోగి భాషా చరిత్రను వివరంగా అడిగి రాసుకోవడం పరీక్షలో భాగమే. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన పరీక్షల సంపుటి తెలుగు, కన్నడాలతో సహా ఐదు భాషలలో ఉండడం ఈ ప్రాంతానికి మేలు చేసే విషయం.

చదువు, వృత్తి

పెన్సిలు పట్టని చేతికి గడియారం బొమ్మ గీయడం కష్టమే. సిరుగుప్ప వరి రైతు అంకెల పరీక్షలో వెనుకబడినా నీటి వంతులు, ఎరువుల లెక్క తప్పకుండా చెప్పవచ్చు. మరోవైపు, చదువుకున్న ఉద్యోగి మామూలు మార్కులు తెచ్చుకున్నా, అతని పూర్వస్థితితో పోలిస్తే అది పతనమే కావచ్చు. సండూరు గనిలో లారీ నడిపేవానికి చూపు నిలకడ, స్పందన వేగం ప్రధానం. బళ్లారిలో జీన్స్ కుట్టేవారికి చేతి నేర్పు, పని వరుస గుర్తుండడం ప్రధానం. తిరిగి పనికి వెళ్లవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు పనిని బట్టి మారుతుంది.

పొరపాటు తీర్పుకు మూల్యం పెద్దది. లోపం లేదని రాస్తే ప్రమాద పరిహారం, వైకల్య ధ్రువపత్రం అందకపోవచ్చు. మెదడు గాయం వలన వచ్చిన కోపాన్ని ఇంటివారు పొగరని భావిస్తారు. ఉందని పొరపాటున రాస్తే బ్రతుకుతెరువు పోతుంది.

కుటుంబం చేయవలసినవి

ఫలితాలను తారుమారు చేసే కారణాలు అనేకం: వినికిడి, చూపు లోపాలు, దిగులు, నిద్రలేమి, మద్యం, థైరాయిడ్, బి12 లోపం, కొన్ని మూర్ఛ మందులు. అందుచేత వాడుతున్న మందుల చీటీలు, స్కాన్‌లు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం తీసుకువెళ్లాలి. గాయానికి ముందు మనిషి ఎలా ఉండేవాడో ఎరిగినవారు ఒకరు తోడు వెళ్లాలి. ఇంట్లో ఏ భాష, బడి ఏ భాషలో, ఎన్నవ తరగతి వరకు, ఏ పని అన్నవి ముందే చెప్పాలి. పరీక్ష జరుగుతుండగా పక్కనుండి జవాబులు అందించరాదు. సంపూర్ణ పరీక్షకు కొన్ని గంటలు పడుతుంది. అలసిపోయేవారికి రెండు రోజులుగా విభజించమని అడగవచ్చు. పరీక్షించే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉన్నదో లేదో చూసుకోవాలి.

గాయం తరువాత తొలి నెలలలో మెదడు కోలుకుంటూ ఉంటుంది. అందువలన మొదటి నివేదికను భద్రపరచి, వైద్యులు చెప్పిన గడువుకు తిరిగి పరీక్ష చేయించి, రెండింటినీ పోల్చి చూడాలి. ఇతరుల మార్కులతో పోల్చడం కంటే ఆ మనిషిని నిన్నటి ఆ మనిషితోనే పోల్చడం చికిత్సకు ఎక్కువ ఉపకరిస్తుంది.