చెరువు తూము, ఓడ తూము

పోయిన దీపావళికి మా మనవడు కోవిల్‌పట్టి వచ్చాడు. ఓడల్లో ఇంజనీరు పని వాడిది. "తాతా, ఓడ అడుగున నీళ్ళమట్టం కింద కన్నాలుంటాయి. ఇంజను చల్లబరిచే సముద్రపు నీళ్ళు వాటిగుండానే వస్తాయి. కన్నానికొక వాల్వు. అది మూసుకోకపోతే ఓడ మునుగుతుంది" అన్నాడు. నేను నవ్వి, "అది మన కమ్మాయి తూమే కదరా" అన్నాను.

మన కరిసల్ నేలకు జీవనది లేదు. వైప్పారు వానకు పారే ఏరు. ఐప్పసి, కార్తీక వానల్ని చెరువులో నిలిపితేనే వరిపంట. సాత్తూరు దగ్గర ఎరుక్కంగుడిలో 9వ శతాబ్దపు తమిళ శాసనం ఉంది. పాండ్యరాజు శ్రీమార శ్రీవల్లభుని కాలంలో ఇరుప్పైక్కుడి పెద్ద ఎట్టి సాత్తన్ చెరువులు కట్టించాడని అందులో ఉంది. మదురై నాయకుల కాలంలో మన పెద్దలు ఇక్కడ కుదురుకునేటప్పటికి ఈ విద్యకు ఏడు వందల ఏళ్ళు. మనం తూము అంటాం, తమిళులు తూంబు అంటారు. మాట కూడా ఒకే వేరుదే.

పాత తూము ఎట్లా ఉంటుందంటే, గట్టుకు లోపల నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్ళు. అడుగున రాతితొట్టి. దాని మూతరాతిలో ఒక కన్నం, కన్నంలో కిందికి సన్నబడే బిరడా, బిరడాకు పొడుగాటి కర్ర. కర్ర పైకెత్తితే నీళ్ళు తొట్టిలో దిగి, గట్టు కింద కాలువలోంచి పొలానికి పోతాయి. పై కన్నం నీరోడి. తొట్టి అడుగున ఉండే చిన్న కన్నాలు సేరోడి, వాటిలోంచి బురద పోతుంది. చెరువులో మేట తగ్గుతుంది, పొలానికి ఎరువూ దొరుకుతుంది. బిరడా కోసుగా ఎందుకంటారా? పైనున్న నీళ్ళ బరువే దాన్ని ఇంకా బిగిస్తుంది. ఓడలో కూడా ప్రతి వాల్వు పక్కన కోసుగా చెక్కిన చెక్కబిరడా ఒకటి కట్టి పెడతారట. వాల్వు విరిగితే దాన్నే దిగ్గొట్టాలి.

ఏ సామాను వాడాలన్నది కూడా రెండుచోట్లా ఒకే చిక్కు. ఉప్పునీళ్ళలో మామూలు ఇత్తడిలోని జింకు కరిగిపోతుంది. పైకి బాగానే కనబడుతుంది, తడితే పెళుసు. అందుకే ఓడకు కంచు. మన చెరువులకు తరవాత మరతో తిప్పే ఇనుప తలుపులొచ్చాయి. తిప్పడం సులువే, తుప్పే శత్రువు.

ముందు కాలంలో ఊరి నీర్‌పాచ్చి వానకు ముందే తూము చూసేవాడు. ఇంటికొక ఆళు పోయి పూడిక తీసేది కుడిమరామత్తు. గట్టు తెగేటట్టుంటే ఊరివాళ్ళు పనికి రావాల్సిందేనని 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి చట్టమే వచ్చింది. తరవాత 40 హెక్టార్లకు మించి పారే చెరువులు ప్రజాపనుల శాఖకు, చిన్నవి పంచాయతీ యూనియన్లకు పోయాయి. 2017లో ప్రభుత్వం కుడిమరామత్తు పేరునే మళ్ళీ తెచ్చింది.

నా చిన్నతనంలో ఒక ఏడు ఎవరూ ఆ మర తిప్పలేదు. కార్తీకంలో చెరువు నిండింది. తూము ఎత్తారు, మళ్ళీ దిగలేదు. గడ్డిమోపులు, మట్టిమూటలు వేసినా ఆగలేదు. మూడు రోజుల్లో ఏడాది నీళ్ళు పోయాయి. ఆ తై నెలలో మా ఇంట్లో కొత్తబియ్యం పొంగలి లేదు.

మనవడు చెప్పిన ఓడ నియమం ఇంతే: పని ఉన్నా లేకున్నా అప్పుడప్పుడూ ప్రతి వాల్వూ మూసి తెరవాలి, గ్రీసు పెట్టాలి. మీరు సెలవులకు ఊరికి పోతే గుడితో పాటు తూము దగ్గరికీ పోండి. "ఈ ఏడు తిప్పారా?" అని ఒక్క మాట అడగండి.